పెద్దమ్మ ఇంట్లో చిలుక

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో ఒక పందెం కోడి తన యజమాని ప్రాణం తీసింది. కాలికి కత్తి కట్టి బరిలోకి దించబోతుంటే అది గింజుకుంది. కత్తి ఆయన గజ్జల్లో దిగింది. ఆస్పత్రికి చేరేలోపే రక్తం పోయి మనిషి చనిపోయాడు. పోలీసులు కోడిని గొల్లపల్లి ఠాణాకు తీసుకెళ్లి, తాడుతో కట్టేసి, గింజలు వేసి చూసుకున్నారు. ఆ ఫొటో దేశదేశాల పత్రికల్లో అచ్చయింది.

జంతువు వల్ల ప్రమాదం అనగానే మన కళ్ల ముందుకు వచ్చేవి ఇలాంటివే: కత్తి, గోరు, కోర, ముక్కు. ఒకరి ఇంట్లో మన పసిపిల్లను పొద్దంతా వదిలి వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఆ ఇంట్లో ఏదైనా జీవి కనబడితే మనం వెతికేదీ వాటినే.

మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో ఒక ప్రైవేటు స్కూలు టీచరును ఊహించుకోండి. చట్టం ప్రకారం ఆమెకు 26 వారాల ప్రసూతి సెలవు దొరుకుతుంది, యాజమాన్యం ఇస్తే. అదే చట్టం 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలంటుంది. ఆమె పనిచేసే స్కూలు అంత పెద్దది కాదు. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం పుణ్యమా అని వీధి చివర అంగన్‌వాడీ ఉంది గానీ, అక్కడ రోజూ కూర్చోబెట్టుకునేది ముఖ్యంగా మూడేళ్లు నిండిన వాళ్లను. అంతకన్నా చిన్నవాళ్లకు పోషకాహారం ఇంటికి ఇచ్చి పంపుతారు. అత్తగారు ఊళ్లో పొలం వదిలి రాలేదు. అంటే ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా పిల్లను చూసుకునే మనిషి కావాలి. గల్లీలో ఒక పెద్దమ్మ ఉంటుంది. ముగ్గురు పిల్లల్ని పెంచింది, మనసు మంచిది, నెలకు అడిగేదీ తక్కువే. ఆమె వాకిట్లో పంజరం, అందులో రామచిలుక.

"ఇది కరుస్తదా పెద్దమ్మా?"

"ఏడ కరుస్తది బిడ్డా, ఏడేండ్ల సంది ఉన్నది. నా మనుమరాలు వేలు పెడితె గూడ ఏమనదు."

పెద్దమ్మ చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా, సరిగ్గా ఎవరూ చూసుకోని ఆ వయసులోనే, పిల్లలు లోకాన్ని నోటితో తెలుసుకుంటారు. నేలమీద పాకుతారు, దొరికిందల్లా పట్టుకుంటారు, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటారు. ఆ వయసు పిల్లలు గంటకు పదిసార్లకు పైగానే చేతిని నోటికి తీసుకెళ్తారని పరిశీలించిన వాళ్లు లెక్కగట్టారు. ఇలాంటి పిల్లను జబ్బు చేయడానికి జంతువు కరవనక్కర్లేదు, ఆమె దగ్గరికి రానక్కర్లేదు. దీన్ని ఒప్పుకోవడం కష్టం కాబట్టి ఒక జూ కథ చెప్పుకోవాలి.

1996 జనవరిలో అమెరికాలోని డెన్వర్ జంతుప్రదర్శనశాలలో కొమోడో డ్రాగన్లను కొద్దిరోజుల పాటు ప్రదర్శించారు. ఇవి ఇండోనేసియా దీవుల్లో బతికే రాక్షస బల్లులు. మనిషి కన్నా పొడుగు, దుప్పిని పడగొట్టగలిగే కోరలు. వాటిని చుట్టూ చెక్క కంచె కట్టి అందులో ఉంచారు. ప్రదర్శన చూసివెళ్లిన వాళ్లలో, ఎక్కువగా పిల్లల్లో, జ్వరాలు, నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. సాల్మొనెల్లా బ్యాక్టీరియా. దర్యాప్తులో 65 మంది లెక్కతేలారు. నమోదు కానివాళ్లు ఇంకా మూడు వందల మంది ఉంటారని అంచనా వేశారు. వాళ్లలో ఒక్కరు కూడా డ్రాగన్‌ను ముట్టుకోలేదు.

పరిశోధకులు జబ్బుపడిన వాళ్లనూ పడని వాళ్లనూ పోల్చి చూశారు. జబ్బుపడిన వాళ్లలో 83 శాతం మంది ఆ చెక్క కంచెను పట్టుకున్నారు, పడని వాళ్లలో 52 శాతం. కంచె మీదా, ఒక డ్రాగన్‌లోనూ అదే సూక్ష్మజీవి దొరికింది. జూ నుంచి బయటికి వచ్చే ముందు చేతులు కడుక్కున్న పిల్లలకు జబ్బు బాగా తక్కువ వచ్చింది. పిల్లల్ని డ్రాగన్ కోరల నుంచి కాపాడటానికి కట్టిన కంచే వాళ్లకు జబ్బును అందించింది. దిగువ మానేరు దగ్గరి జింకల పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లే కరీంనగర్ వాళ్లకూ ఇది పనికొచ్చే సంగతే. కంచె పట్టుకుని వేలాడని పిల్లాడెవడు?

కాబట్టి చూసుకునే మనిషిని ఎంచుకునేటప్పుడు జంతువు స్వభావం కన్నా ముందు, దాని మలం నుంచి పిల్ల నోటి దాకా ఎన్ని మెట్లున్నాయో, వాటిలో ఏ మెట్టును ఎవరు ఎప్పుడు కడుగుతున్నారో చూడాలి. ఈ అధ్యాయంలో మిగిలినదంతా ఆ మెట్లను పట్టుకుని పోవడమే.

తాబేలుతో మొదలుపెడదాం. ఆక్వేరియం దుకాణాల్లో అగ్గిపెట్టెంత తాబేలు పిల్లల్ని అమ్ముతారు. చెవుల దగ్గర ఎర్రటి చార ఉండేవి అమెరికా నుంచి వచ్చిన జాతి. గాజుతొట్టిలో నీళ్లు పోసి, రెండు రాళ్లు వేసి ఇంట్లో పెట్టుకుంటే అదృష్టం అంటారు. తాబేలు పేగుల్లో సాల్మొనెల్లా మామూలుగానే ఉంటుంది, దానికి ఏ జబ్బూ చేయదు. అందువల్ల చూడటానికి అది ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉంటుంది. దాని మలం తొట్టి నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లలో అది రోజంతా మునిగి ఉంటుంది. 1970ల మొదట్లో అమెరికాలో ఇలాంటి చిన్న తాబేళ్ల వల్ల ఏటా రెండున్నర లక్షలకు పైగా జబ్బు కేసులు వచ్చేవని అంచనా. 1975లో అక్కడి ప్రభుత్వం చిప్ప నాలుగంగుళాల కన్నా చిన్నగా ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. నాలుగంగుళాలే ఎందుకు? అంతకన్నా పెద్దది పసివాడి నోట్లో పట్టదని. ఇంత సూటిగా పిల్లల అలవాటును చూసి రాసిన చట్టం నాకు మరొకటి కనబడలేదు.

ఇప్పుడు పెద్దమ్మ తొట్టి నీళ్లు ఎక్కడ పారబోస్తుంది? గిన్నెలు తోమే చోటే అయితే, అదే మెట్టు. పాలసీసా కూడా అక్కడే కడుగుతారు. సీసా మీద నాలుగు బ్యాక్టీరియాలు మిగిలితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. సాల్మొనెల్లాకు మన ఒంటి వేడి, అంటే దాదాపు 37 డిగ్రీలు, బాగా నచ్చుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రామగుండంలో రేకుల ఇంట్లో వంటగది అంతకన్నా చల్లగా ఉండదు. కలిపిన పాలు అక్కడ ఉంచితే, ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఒక్క బ్యాక్టీరియా అయిదు గంటల్లో 32 వేలు దాటుతుంది. పసిబిడ్డ పొట్టలో ఆమ్లం పెద్దవాళ్లలో ఉన్నంత గట్టిది కాదు. మొదటి మూడు నెలల్లో ఈ సూక్ష్మజీవి పేగు దాటి రక్తంలోకి, ఒక్కోసారి మెదడు పొరల్లోకి కూడా వెళ్లగలదు. అందుకే అయిదేళ్ల లోపు పిల్లలున్న చోట తాబేళ్లు, తొండ జాతులు, కప్పలు వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఖరాఖండీగా చెబుతుంది. ఆ వయసు పిల్లలు కోళ్లనూ ముట్టుకోకూడదంటుంది. పిల్లల్ని చూసుకునే ఇంట్లో తాబేలు తొట్టి ఉంటే నా మాటా అదే: తొట్టి పోవాలి, లేదా మీరు వేరే ఇల్లు చూసుకోవాలి.

మధ్యలో ఒక మాట. మన గోడల మీది బల్లుల్లోనూ సాల్మొనెల్లా దొరుకుతుంది. అవి మనం పెంచుకునేవి కావు, అయినా ప్రతి ఇంట్లో ఉన్నాయి. పాలగిన్నె మీద మూత పెట్టమని అమ్మమ్మలు పోరుతూ ఉండేది ఊరికే కాదు.

చిలుక సంగతి తాబేలు లాంటిది కాదు, ఇక్కడ తీర్పు కూడా వేరు. చిలుక జాతి పక్షుల్లో ఉండే క్లమీడియా సిట్టసీ అనే బ్యాక్టీరియా రెట్టలోనూ ముక్కు నుంచి కారే ద్రవంలోనూ బయటికి వస్తుంది. రెట్ట ఎండి పొడి అవుతుంది. ఆ పొడిని పీల్చిన మనిషికి న్యుమోనియా వస్తుంది. 1879లో స్విట్జర్లాండ్‌లో యాకోబ్ రిట్టర్ అనే వైద్యుడు ఒకే ఇంటికి ముడిపడిన ఏడుగురు రోగుల గురించి రాశాడు. ముగ్గురు చనిపోయారు. ఆ ఇంట్లో పంజరం పక్షులున్నాయి. 1929 చివర దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో క్రిస్మస్ కానుకలుగా వచ్చిన చిలుకలతో జబ్బు దేశాలు దాటింది. ఒక్క అమెరికాలోనే 169 మంది పడిపోయి 33 మంది చనిపోయారు. వాషింగ్టన్‌లోని హైజీనిక్ లేబొరేటరీలో దీన్ని పరిశోధిస్తున్న చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కే జబ్బు సోకింది. ఆయన బతికాడు, ఆయన సహాయకుడు బతకలేదు. కింది అంతస్తులో పక్షులుంటే పై గదుల్లో పనిచేసే వాళ్లు కూడా పడిపోయారు. చివరికి డైరెక్టర్ జార్జ్ మెకాయ్ స్వయంగా లోపలికి వెళ్లి పక్షులన్నింటినీ చంపి, భవనమంతా పొగబెట్టించాడు.

ఇది చదివి పెద్దమ్మ చిలుకను చూసి బెదిరిపోనక్కర్లేదు. ఓడల్లో కుక్కిన పక్షులకూ ఒక పంజరంలో ఏళ్ల తరబడి కుదురుగా ఉన్న పక్షికీ తేడా ఉంది. ఆకలి, ఇరుకు, ప్రయాణం లాంటి ఒత్తిడిలో ఉన్నప్పుడే పక్షి ఈ బ్యాక్టీరియాను ఎక్కువగా బయటికి వదులుతుంది. కొత్తగా అంగట్లో కొన్న చిలుక, లవ్‌బర్డ్స్ ఉన్న ఇల్లే మొదటి కొద్ది వారాలు అనుమానించాల్సినది. పైగా ఈ జబ్బు పసిపిల్లల్లో అరుదు, ఎక్కువగా వచ్చేది పెద్దవాళ్లకే. పావురాలు పెంచేవాళ్లకు ఏళ్ల తరబడి ఈకల పొడి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు కూడా అంతే. రోజూ పంజరం ఊడ్చేది ఎవరు? పెద్దమ్మ. చిలుక వల్ల ముప్పు పిల్లకన్నా ముందు ఆమెకే.

ఆ ముప్పు చాలావరకు చీపురులో ఉంటుంది. ఎండిన రెట్టను చీపురుతో ఊడిస్తే పొడి లేచి గదంతా తిరుగుతుంది. ముందు నీళ్లు చల్లి, తడిసిన కాగితంతో తీస్తే లేవదు. పంజరం పిల్ల పడుకునే అర్రలో కాక గాలి ఆడే వాకిట్లో ఉండటం, పిల్ల రాకముందే పొద్దున్నే శుభ్రం చేయడం, ఆ వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవడం. ఈ మూడూ ఉంటే చిలుక ఉన్న కారణంగా మంచి మనిషిని వదులుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

కోళ్ల విషయం వేరు. ఉత్తర తెలంగాణ ఇళ్లలో కోడి వింత జంతువు కానే కాదు. 2024 జనవరిలో బస్సులో ఎవరో మరిచిపోయిన పుంజును వేలం వేస్తామని కరీంనగర్ ఆర్టీసీ డిపో ప్రకటిస్తే అందరం నవ్వుకున్నాం. అంత మామూలుది. అందుకే దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వాకిట్లో తిరిగిన కోడి వంటింట్లోకి వస్తుంది, పిల్ల పాకే బండల మీద రెట్ట వేస్తుంది, ఎవరో కాలితో పక్కకు తుడిచేస్తారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. కోడిని కోస్తున్నప్పుడు పాపకు చిన్న పచ్చి ముక్క నోటికి అందించామని కుటుంబం చెప్పింది. ఇలాంటి మరణం అత్యంత అరుదు. అయినా కోడి కోసే చోటికీ పిల్ల కూర్చునే చోటికీ మధ్య ఒక తలుపు ఉండాలని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కోతి ఉంటే ఆలోచనే వద్దు. గోదావరి దాదాపుగా రెండు కోతి జాతుల సరిహద్దు అని పాత జంతుశాస్త్ర పుస్తకాలు రాశాయి: ఉత్తరాన ఎర్రమూతి రీసస్, దక్షిణాన తలపై పాపిడి తీసినట్టుండే దక్షిణాది కోతి. ఇప్పుడు రీసస్ నది దాటి దిగువకు పాకుతోంది. ఊళ్లలో కోతుల బాధ ఎంతదో ఇక్కడి రైతుకు చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల పునరావాస కేంద్రం తెరవాల్సి వచ్చింది. వాటిని బెదరగొట్టడానికి కొండముచ్చును తెచ్చి కట్టేసుకునే వాళ్లూ ఉన్నారు. తల్లి చనిపోయిన కోతిపిల్లను జాలిపడి పెంచేవాళ్లూ ఉన్నారు. ఆ పిల్ల నాలుగైదేళ్లకు ఈడేరుతుంది. అప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్న మనిషి మీద పెత్తనం చూపిస్తుంది, కోరలతో. 1932లో న్యూయార్క్‌లో విలియం బ్రెబ్నర్ అనే యువ వైద్యుణ్ణి ప్రయోగశాలలోని రీసస్ కోతి వేలిపై కరిచింది. గాయం చిన్నదే. కొద్దిరోజుల్లోనే పక్షవాతం పాకి ఆయన చనిపోయాడు. దానికి కారణమైన వైరస్‌ను, కోతిలో పెద్దగా కనబడకుండా ఉండే హెర్పిస్ బి ని, ఆయన కణజాలం నుంచే వేరు చేశారు. మనుషుల్లో ఇలాంటి కేసులు ఇంతవరకు కొద్ది పదులే. రేబిస్ భయం దీనికన్నా నిత్యమైనది. మాటలు రాని పిల్లకు గోరు గీరుకుంటే సాయంత్రం మీకు చెప్పేదెవరు?

రేబిస్ మాట వచ్చింది కాబట్టి: ప్రపంచంలో మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పంజరంలో చిలుకను చూసి నాలుగు ప్రశ్నలు వేసిన మనం అరుగు మీద పడుకున్న టీకా లేని కుక్కను చూసి ఒక్కటీ అడగం. కాటు, గీత ఏదైనా సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడగాలని, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలని, పసుపో సున్నమో పెట్టకూడదని పెద్దమ్మకు ముందే తెలిసి ఉండాలి.

ఇంకొకటి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు పిల్లల్ని చూసుకునే ఎందరో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే చూసుకుంటారు. చాటలో తంబాకు, పక్కన కత్తెర, అడవి నుంచి వచ్చిన తునికాకు కట్టలు. నేలమీద రాలిన తంబాకు పిల్ల నోట్లోకి వెళ్తే నికోటిన్ విషం ఎక్కుతుంది: వాంతులు, చెమటలు, ఎక్కువైతే మూర్ఛ. పసివాళ్లకు కొంచెమే చాలు. చాట ఇక్కడ ఎంత మామూలుదంటే అది కంటికి ఆనదు. చిలుకున్న ఇల్లు, చాటున్న ఇల్లు రెండే ఉంటే, పాకే పిల్లకు నేను చిలుకున్న ఇంటినే ఎంచుతాను. చాట అటక మీద పెట్టి సాయంత్రమే చుట్టే మనిషైతే మళ్లీ ఆలోచిస్తాను.

జంతువులతో లాభం కూడా ఉంది కదా అంటారు. ఉంది, కొంత. 1989లో బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాచన్, పెద్ద కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు అలర్జీలు తక్కువగా ఉండటం చూసి, చిన్నప్పటి ఇన్ఫెక్షన్లే దీనికి కారణమేమో అన్నాడు. 2012లో ఫిన్లాండ్‌లో 397 మంది పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి ఏడాది గమనిస్తే, కుక్క ఉన్న ఇళ్లలో వాళ్లకు దగ్గు జలుబు చెవిపోటు తక్కువ వచ్చాయి. అవి ఇంట్లో పెంచుకునే కుక్కలు, చలిదేశపు ఇళ్లు. ఆ ఫలితాన్ని తెచ్చి తాబేలు తొట్టికో మంథనిలోని కోళ్లగూటికో అంటగట్టడం సైన్సు కాదు.

చూడటానికి వెళ్లేటప్పుడు చెప్పాపెట్టకుండా పదకొండు గంటలప్పుడు వెళ్లండి. ఆ వేళకు ఇల్లు తన మామూలు రూపంలో ఉంటుంది. చిలుకకు జామపండు పెట్టిన చేతితో ఆమె తర్వాత ఏం పట్టుకుంటుందో చూడండి. కుళాయి దగ్గర సబ్బు ఉందో లేదో, ఉంటే తడిగా ఉందో పొడిగా ఉందో చూడండి. పొడి సబ్బు చాలా చెబుతుంది. మధ్యాహ్నం పిల్లతో పాటు ఆమె కూడా కునుకు తీస్తే జంతువు ఎక్కడ ఉంటుందో అడగండి. సబ్బు, విడి మగ్గు, పిల్ల పాకడానికి చాప మీరే కొనివ్వండి. "మా పిల్లకు జబ్బులొస్తయి" అంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది. "పెద్దమ్మా, ఆ పొడి నీ ఛాతీకే మంచిది కాదట" అంటే వింటుంది, అది అబద్ధం కూడా కాదు.

చట్టం సంగతి దాచకూడదు. రామచిలుకను పంజరంలో పెట్టడం, అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది. నక్షత్ర తాబేలు, నెమలి మొదటి దానిలో ఉన్నాయి. విదేశీ జాతులైన లవ్‌బర్డ్స్‌కు ఈ అడ్డు లేదు. ఏడేళ్లుగా ఉన్న చిలుకను ఇవాళ తలుపు తీసి వదిలేస్తే తిండి వెతుక్కోవడం రాక, ఎగరడం మరిచిపోయి, పిల్లి పాలో కాకుల పాలో అవుతుంది. అటవీశాఖ వాళ్లకు అప్పగించడమే దారి. పెద్దమ్మ అందుకు ఒప్పుకుంటుందో లేదో నేను చెప్పలేను.

ఒప్పుకోక చిలుక ఉండిపోతే, ఒక సంగతి మీరిద్దరూ గుర్తుపెట్టుకోవాలి. ఆమెకు జ్వరం, విపరీతమైన తలనొప్పి, పొడిదగ్గు వచ్చి వారం దాటినా తగ్గకపోతే, డాక్టరుకు ఇంట్లో చిలుక ఉందని చెప్పాలి. ఎవరూ చెప్పరు కాబట్టి డాక్టరూ అడగడు. మామూలు దగ్గుకు రాసిచ్చే అమాక్సిసిలిన్ చిలుక నుంచి సోకే న్యుమోనియాకు సరిగా పనిచేయదు. డాక్సీసైక్లిన్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం దిగడం మొదలవుతుంది.